పాత తాలూకా కచేరీని మీరే కొలిచి, చరిత్ర రాసి పెట్టుకోవడం ఎలా

మీ ఊళ్ళో పాత తాలూకా కచేరీ ఇంకా నిలబడి ఉంటే, దాన్ని ఈ ఎండాకాలంలోనే కొలవండి. వానలు పోయాక చూద్దాంలే అనుకోవద్దు. ఆఫీసు నడిచినన్నాళ్ళు ఎవరో ఒక అటెండర్ ఏడాదికోసారి మిద్దె ఎక్కి తూములో ఆకులు తీసేవాడు, పిట్టగోడలో మొలిచిన రావి మొక్కను పీకేసేవాడు. ఆఫీసు ఖాళీ అయిన రోజు నుంచి ఆ పని ఎవరిదీ కాదు. తూము పూడుకుంటే మిద్దె మీద నీళ్ళు నిలుస్తాయి. నీళ్ళు నిలిస్తే గోడలో దూరిన దూలాల కొనలు లోపల్లోపలే మెత్తబడతాయి. పైకి ఏమీ కనిపించదు. ఒకరోజు తెల్లారేసరికి సగం మిద్దె నేల మీద ఉంటుంది.

మా పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలో ఈ ఖాళీ అవడం ఎక్కువగా ఈ నాలుగైదేళ్ళలోనే జరిగింది. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయాయి. ఆ తర్వాత కొత్త సమీకృత కలెక్టరేట్లు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. 2022 మార్చిలో వనపర్తి, అదే ఏడు డిసెంబర్ 4న మహబూబ్‌నగర్, 2023 జూన్‌లో నాగర్‌కర్నూల్, గద్వాల, ఆగస్టులో నల్గొండ వైపు సూర్యాపేట. ఈ కొత్త భవనాలు రావడం మంచిదే. ఊరి నుంచి వచ్చిన మనిషి మిట్టమధ్యాహ్నం ఊరంతా తిరిగి మూడు ఆఫీసులు వెతుక్కునే బాధ తప్పింది. నా దిగులంతా వెనక మిగిలిన పాత గోడల గురించే. వాటిలో ఎన్నింటికి కనీసం ఒక కాగితం మీద గీసిన నక్షా ఉందో చెప్పండి.

నేను సర్వే శాఖలో చైన్‌మన్‌గా, అంటే కొలత గొలుసు పట్టే మనిషిగా చేరి, మండల సర్వేయర్‌గా రిటైర్ అయ్యాను. పాలమూరులోనూ నల్గొండలోనూ పని చేశాను. ఊళ్ళ పొలాలు ఎన్నో కొలిచాను కానీ, నేను రోజూ సంతకం పెట్టిన ఆఫీసును ఒక్కసారీ కొలవలేదు. రిటైర్ అయిన రెండో ఏడు మా సొంత తాలూకా కచేరీ కొలిచాను. ఆ పనికి నాకు మూడు నెలలు పట్టింది. మీకు అంత పట్టకూడదని ఇది రాస్తున్నాను. ఆ ఊరి పేరు మాత్రం ఇక్కడ రాయను. దాంట్లో ఒక గది ఇంకా తాళం వేసి వాడుకుంటున్నారు, ఏ గోడ ఎంత మందమో ఊరు పేరుతో సహా చెప్పడం సరికాదు.

నేను ఈ పనికి దిగింది మా నాయన మాట వల్ల. ఆయన కౌలు రైతు. 1950లో హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చాక రక్షిత కౌలుదారుగా పేరు ఎక్కించుకోవడానికి కచేరీకి ఎన్నోసార్లు నడిచి పోయాడట. "కచేరీకి ఏడు మెట్లుండె. నేను నాలుగెక్కిన. ఐదో మెట్టు మీద జవాను నిలబడేటోడు" అనేవాడు. జవాను అంటే కచేరీ బంట్రోతు. ఈ మాట నా చిన్నప్పటి నుంచి విన్నదే. నేను టేపు పట్టుకొని పోయిన మొదటి రోజు ముందుగా మెట్లే లెక్కపెట్టాను. ఐదు ఉన్నాయి. నాయన పెద్దతనంలో మర్చిపోయి ఉంటాడని అనుకొని, కాగితం మీద ఐదు గీశాను. ఆ తప్పు సంగతి తర్వాత చెప్తాను.

ముందు ఎవరి భవనమో కనుక్కోండి

కచేరీలో తహసీల్దార్ కూర్చున్నంత మాత్రాన భవనం ఆయన చేతిలో ఉన్నట్టు కాదు. చాలా చోట్ల మరమ్మతులు చూసేది రోడ్లు భవనాల శాఖ. కొన్ని మున్సిపాలిటీకి, కొన్ని వేరే శాఖలకు పోయాయి. తాళం ఎవరి దగ్గర ఉందో అడగండి, వాళ్ళకే ఒక దరఖాస్తు రాయండి. "పాత భవనం కొలతలు, ఫొటోలు తీసుకొని చరిత్ర రాసుకోవడానికి అనుమతి ఇవ్వగలరు" అని రెండు వాక్యాలు చాలు. రెండు కాపీలు తీసుకుపోయి, ఒక దాని మీద అందినట్టు ముద్ర వేయించుకోండి. ఎవరైనా వచ్చి ఏం చేస్తున్నావని అడిగితే ఆ కాగితమే చూపించాలి.

సబ్ ట్రెజరీ నడుస్తున్న గది, ఓటింగ్ మిషన్లు పెట్టిన గది ఉంటే అటు కెమెరా తిప్పవద్దు. బయటి కొలతతో సరిపెట్టుకోండి. ఒంటరిగా పోవద్దు. టేపు రెండో కొన పట్టుకోవడానికే కాదు, పాత మిద్దె కింద ఒక్కరే తిరగడం మంచిది కాదు. పాములు కూడా ఉంటాయి. మా కచేరీ రికార్డు గదిలో రెండు కుబుసాలు దొరికాయి.

తారీఖుల వరుస తెలిస్తేనే గోడలు అర్థమవుతాయి

కొలవడానికి ముందు ఒక సాయంత్రం కూర్చొని ఒక పేజీ మీద ఈ వరుస రాసుకోండి. 1860ల్లో మొదటి సాలార్‌జంగ్ జిల్లాబందీ చేసి, నిజాం రాజ్యాన్ని జిల్లాలు, తాలూకాలుగా కట్టాడు. జిల్లాకు అవ్వల్ తాలూక్‌దార్, అంటే ఇప్పటి కలెక్టర్. తాలూకాకు తహసీల్దార్. మన జిల్లాకు మొదట నాగర్‌కర్నూల్ కేంద్రంగా ఉండేది, 1881లో పాలమూరుకు మారింది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీద 1890 డిసెంబర్ 4న పాలమూరు మహబూబ్‌నగర్ అయింది. మహబూబ్‌నగర్ పక్కన పాలకొండలో కొత్త కలెక్టరేట్ తెరిచింది కూడా డిసెంబర్ 4నే, సరిగ్గా 132 ఏళ్ళకు. ఈ సంగతి నేను ఎవరికి చెప్పినా అవునా అని ఆగిపోతారు.

ఆ తర్వాత 1948 సెప్టెంబర్ 17న హైదరాబాద్ ఇండియాలో కలవడం, 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు, 1956లో ఆంధ్రప్రదేశ్, 1985లో తాలూకాలు పోయి మండలాలు, 2016లో కొత్త జిల్లాలు, 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట జిల్లా. ఇందులో ప్రతి తారీఖూ భవనం మీద ఏదో ఒక గుర్తు వదిలి ఉంటుంది. మండలాలు వచ్చినప్పుడు ఒక్కో తాలూకా నాలుగైదు ముక్కలైంది. పెద్ద కచేరీలో సగం గదులు ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. ఆ ఖాళీల్లోకి వేరే శాఖలు వచ్చి మధ్యలో అడ్డగోడలు పెట్టుకున్నాయి. మీ కచేరీలో తొమ్మిదంగుళాల ఇటుక గోడ ఒక పెద్ద హాలును అడ్డంగా కోసి ఉంటే, అది 1985 తర్వాతి పని అయి ఉండవచ్చు. ఎవరు పెట్టించారో అడగాల్సింది అప్పుడు పని చేసిన వాళ్ళనే, వాళ్ళు ఇంకా మన మధ్య ఉన్నారు.

ఒక జాగ్రత్త. మీది గద్వాల, వనపర్తి, జటప్రోలు లాంటి సంస్థానం కింది ఊరైతే, నిజాం సర్కారు కట్టిన కచేరీ కోసం వెతికి లాభం లేదు. అక్కడ సంస్థానం వాళ్ళ సొంత కచేరీ ఉండేది. తర్వాత వాటి వాడకం మారిపోయింది. వనపర్తి రాజమహల్‌లో పాలిటెక్నిక్, గద్వాల కోటలో కాలేజీ నడవడం అందరికీ తెలిసిందే. కాబట్టి మీ ఊరు 1949కి ముందు దివానీయా (అంటే నిజాం సర్కారు నేరుగా ఏలిందా), సంస్థానమా, జాగీరా అన్నది మొదట తేల్చుకోండి. పాత పహాణీల్లో, అంటే పొలాల రికార్డుల్లో, ఇది తెలిసిపోతుంది.

రాయి చదవడం

పెద్ద దర్వాజ పైన గానీ, వరండా గోడలో గానీ ఒక శాసన ఫలకం లాంటి రాయి ఉంటుంది. దాని మీద ఏళ్ళ తరబడి సున్నం వేసి ఉంటారు. కత్తితో గీకవద్దు, అక్షరం అంచు పోతే తిరిగి రాదు. తడి గుడ్డ ఒక గంట ఆనించి ఉంచి, మెత్తటి కుంచెతో, మొండిగా ఉన్న చోట వెదురు పుల్లతో తీయండి. ఆ తర్వాత చీకటి పడ్డాక పోయి, టార్చ్‌ను రాయికి పక్కగా, గోడకు దాదాపు ఆనించి పట్టుకొని ఫొటో తీయండి. ఎదురుగా వెలుగు వేస్తే ఏమీ కనిపించదు. పక్క నుంచి వేస్తే అరిగిపోయిన గీత కూడా నీడ వేస్తుంది. కుడి పక్క నుంచి ఒకటి, ఎడమ పక్క నుంచి ఒకటి, పై నుంచి ఒకటి తీయండి.

నేను ఉర్దూ చదవలేను, అంకెలు మాత్రం సర్వే రికార్డుల వల్ల వచ్చు అనుకునేవాణ్ణి. రాయి మీద 1310 అని చదివి, సంతోషంగా పుస్తకంలో ఎక్కించాను. మా ఊళ్ళో ఉర్దూ మీడియంలో చదువు చెప్పి రిటైర్ అయిన ఒక సార్‌కు ఫొటో చూపిస్తే, "చివరిది సున్నా కాదు, ఐదు" అన్నారు. ఉర్దూలో సున్నా అంటే ఒక చుక్క. గుండ్రంగా మన సున్నాలా కనిపించేది ఐదు. నేను ఐదేళ్ళు వెనక్కి రాసుకున్నాను. ఇంకొక సంగతి కూడా గుర్తు పెట్టుకోండి. ఉర్దూ అక్షరాలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి గానీ, అంకెలు మన అంకెల్లాగే ఎడమ నుంచి కుడికి.

1315 అని తేలాక అది ఏ లెక్క అన్నది తేల్చాలి. సర్కారు పనుల్లో ఎక్కువగా ఫస్లీ అనే రెవెన్యూ సంవత్సరం వాడేవాళ్ళు. మసీదులు, దర్గాల మీద హిజ్రీ ఉంటుంది. కచేరీ మీద రెండూ ఉండవచ్చు. హైదరాబాద్ ఫస్లీకి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1315 ఫస్లీ అంటే 1905 అక్టోబర్ నుంచి 1906 దాకా. అదే 1315 హిజ్రీ అయితే 1897-98. ఎనిమిదేళ్ళ తేడా. రాయి మీద నెల పేరు ఉంటే దాన్ని పట్టుకోండి. ఆజర్, బహ్మన్, ఖుర్దాద్, తీర్, మెహర్, ఆబాన్ లాంటివి ఫస్లీ నెలలు. ముహర్రం, రజబ్, రంజాన్ ఉంటే హిజ్రీ. మా రాయి మీద ఖుర్దాద్ ఉంది.

రాయి లేకపోతే నిరుత్సాహపడవద్దు. మిద్దెకు ఇనుప గర్డర్లు ఉంటే వాటి పక్క మీద తయారీదారు పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటుంది. నిచ్చెన వేసుకొని, తుప్పు తుడిచి చదవండి. టాటా అని ఉంటే ఆ మిద్దె 1912కు ముందుది కాదు, జంషెడ్‌పూర్‌లో ఉక్కు రావడం ఆ ఏడే మొదలైంది. గర్డర్ వయసు మిద్దె వయసు మాత్రమే చెప్తుంది సుమా. గోడలు అంతకంటే పాతవి కావచ్చు, టేకు దూలాలు చెడిపోయి తర్వాత గర్డర్లు వేసి ఉండవచ్చు.

కొలత

ముప్ఫై మీటర్ల టేపు ఒకటి, అయిదు మీటర్ల చేతి టేపు ఒకటి, మేస్త్రీ తూకం గుండు, దారం, సున్నపు ముక్క, గళ్ళ కాగితం, పెన్సిల్. ఫోన్‌లో దిక్సూచి ఉంటుంది కాబట్టి ఉత్తరం దిక్కు దాంతో చూసుకోవచ్చు, ఇనుప గర్డర్ల కింద నిలబడి మాత్రం చూడవద్దు. ముల్లు తప్పు చూపిస్తుంది.

కొలత మాత్రం అడుగుల్లో, అంగుళాల్లో తీయండి. ఇది నేను గట్టిగా చెప్తున్నాను. మీటర్లలో తీస్తే 7.32, 4.88 అని అంకెలు వస్తాయి, ఏమీ చెప్పవు. అడుగుల్లో తీస్తే అదే గది 24, 16. కట్టిన మేస్త్రీ మనసులో ఉన్న లెక్క అది. ఒక గది 24 అడుగులు వచ్చి, పక్క గది 15 అడుగుల 7 అంగుళాలు వస్తే, ఆ రెండో గదిని ఎవరో తర్వాత ముట్టుకున్నారని అనుమానించాలి. మా పని అలవాటు కొద్దీ కచేరీ ఆవరణను గొలుసుతో కూడా కొలిచాను. మన వైపు సర్వే గొలుసు 33 అడుగులు, దానికి 16 అణాలు. ఒక గొలుసు పొడవు, ఒక గొలుసు వెడల్పు అంటే ఒక గుంట, 121 గజాలు. ఆవరణ ఎదుటి పక్క సరిగ్గా ఆరు గొలుసులు వచ్చింది. అది కంటితో చూసి అనుకున్న హద్దు కాదు, కచేరీ కట్టక ముందే గొలుసు వేసి గుంజలు పాతిన జాగా అని నాకు అక్కడ తెలిసింది.

ముందు టేపు తీయకుండా, చుట్టూ రెండుసార్లు తిరిగి చేతితో ఒక ముతక బొమ్మ గీయండి. ప్రతి గదికి ఒక నంబర్ ఇవ్వండి. తర్వాత బయటి గోడలు కొలవండి. ప్రతిసారీ టేపు మళ్ళీ సున్నా నుంచి మొదలు పెట్టకుండా, గోడ మూలలో ఒకసారి సున్నా పట్టి, కిటికీ మొదలు, కిటికీ చివర, దర్వాజ మొదలు, దర్వాజ చివర అంటూ నడిచే కొలతే రాసుకుంటూ పోండి. ముక్కముక్కలుగా కొలిస్తే ప్రతి ముక్కలో అరంగుళం తప్పు చేరి, చివరికి గోడ అరడుగు పెరుగుతుంది.

లోపల ప్రతి గదికీ నాలుగు పక్కలతో పాటు రెండు కర్ణాలు తీయండి. 24, 16 అడుగుల గది మూలమట్టంగా ఉంటే రెండు కర్ణాలూ 28 అడుగుల 10 అంగుళాలు రావాలి. మా కచేరీలో ఈశాన్యం గదికి ఒకటి 28 అడుగుల 3 అంగుళాలు, రెండోది 29 అడుగుల 5 అంగుళాలు వచ్చాయి. అంటే గది పక్కకు ఒరిగింది. ఎందుకని బయటికి వచ్చి చూస్తే, ఆ పక్క రోడ్డు వంకర పోయింది, గోడ రోడ్డుతో పాటే పోయింది. మిగతా భవనమంతా రోడ్డును పట్టించుకోకుండా నేరుగా నిలబడితే, ఈ ఒక్క గది రోడ్డుకు తల వంచింది. అది తర్వాత చేర్చిన గది. ఈ సంగతి నాకు ఏ కాగితమూ చెప్పలేదు, టేపు చెప్పింది.

గోడ మందం అన్ని చోట్లా ఒకటే అనుకోవద్దు. దర్వాజల దగ్గర, కిటికీల దగ్గర నేరుగా కొలవండి. సున్నంతో కట్టిన పాత రాతి గోడ రెండడుగులు ఉంటుంది, తర్వాతి ఇటుక గోడ గచ్చుతో కలిపి పది అంగుళాలు. మూడడుగుల గోడ కనిపిస్తే, కిటికీ చిన్నదై పైన ఉంటే, అది ఖజానా కావచ్చు. ఖజానా గదికి రెండు తాళాలు ఉండేవి, రెండు చేతులు కలిస్తే తప్ప తెరుచుకోదు. మా కచేరీ ఖజానా తలుపుకు ఇప్పటికీ రెండు గొళ్ళేల గుర్తులు ఉన్నాయి. అక్కడ నిజాం కాలపు హాలీ సిక్కా రూపాయలు తూకం వేసి లెక్కపెట్టిన బండ ఒకటి నేలలో మిగతా షాబాదు బండల కంటే నున్నగా ఉంది. దాన్ని విడిగా కొలిచి నక్షాలో పెట్టాను.

గోడలో మనిషి ఎత్తు గూడు కనిపిస్తే అది మూసిన దర్వాజ కావచ్చు. వేళ్ళతో తట్టి చూడండి, శబ్దం మారుతుంది. హాలులో ఒక కొసన నేల కంటే అడుగు ఎత్తు అరుగు ఉంటే అది ఇజ్లాస్, తహసీల్దార్ కూర్చొని తగవులు విన్న చోటు. దానికి దగ్గరలో కటకటాల అర్ర ఉంటే హవాలాత్, అంటే లాకప్. రికార్డు గది ఏదో గుర్తు పట్టడానికి గోడలో రాతి పలకల అరలు చూడండి. పహాణీలు, ఫైసల్ పట్టీలు గుడ్డలో మూట కట్టి బస్తాలుగా అక్కడే పెట్టేవాళ్ళు.

కాగితం మీద ఎక్కించేటప్పుడు మాత్రం మీటర్లలోకి మార్చి, ఒక సెంటీమీటర్‌కు ఒక మీటర్ లెక్కన గీయండి. ఏ3 కాగితం మీద నలభై మీటర్ల భవనం దాకా పడుతుంది. గదుల మీద అడుగుల కొలత కూడా రాయండి.

మనుషుల్ని లోపలికి తీసుకుపోండి

పెద్దవాళ్ళ దగ్గరికి పోయి, వాళ్ళ ఇంట్లో మంచం మీద కూర్చోబెట్టి "కచేరీ ఎప్పుడు కట్టిండ్రు?" అని అడిగితే, "మా తాత కాలం నుంచే ఉంది బిడ్డా" అంటారు. అంతకు మించి రాదు. తప్పు వాళ్ళది కాదు, అడిగిన దాంట్లో ఉంది. వాళ్ళను ఆటోలో ఎక్కించుకొని కచేరీకే తీసుకుపోండి. వరండాలో నిలబెట్టి, "మీరు ఎక్కడ నిలబడేవాళ్ళు?" అని అడగండి. కాళ్ళకు గుర్తుంటుంది.

మా ఊళ్ళో ఒక అవ్వ ఉంది. వాళ్ళాయన కచేరీలో జవాను. పెళ్ళైన కొత్తలో కచేరీ వెనక చిన్న ఇంట్లో కాపురం. ఎనభై దాటిన మనిషి, కర్ర పట్టుకొని వచ్చింది. నేను అడగక ముందే వరండా పడమటి కొసకు పోయి నిలబడింది.

"అవ్వా, అక్కడెందుకు నిలబడ్డవ్?"

"ఈడనే కదా బిడ్డా, ఆడోళ్ళు నిలబడేది. మొగోళ్ళు యాపచెట్టు కింద. మేం ఈ మూలకు. పొద్దు తిరిగిందాక నీడ ఉండదు ఈడ."

నేను ఆ వరండాను అంగుళాలతో సహా కొలిచాను. ఆ మూల ఆడవాళ్ళదని, అక్కడ పొద్దుట నీడ ఉండదని నా నక్షాలో లేదు. ఆ రోజు ఇంటికి పోయి ఎర్ర పెన్ను తీసి మొదటిసారి నక్షా మీద మనుషుల్ని గుర్తు పెట్టాను. అర్జీలు రాసేవాళ్ళు ఎక్కడ కూర్చునేవాళ్ళు, స్టాంపులు అమ్మే మనిషి ఎక్కడ, పట్వారీలు జమాబందీ (ఏటా శిస్తు లెక్కలు తేల్చే) నాడు బస్తాలు దించుకున్న అరుగు ఏది, చాయ్ బండి ఎక్కడ. వేపచెట్టు ఇప్పుడు లేదు, మొదలు ఉంది. మొదలు చుట్టుకొలత తొమ్మిదడుగులు.

అవ్వే ఇంకొకటి చూపించింది. తూర్పు గోడకు నాలుగడుగుల ఎత్తులో ఒక ఇనుప కడెం ఉంది. పరదా కట్టడానికి అనుకొని నేను అలాగే రాసుకున్నాను. "పరదా ఏంది? గిర్దావర్ గుర్రం కట్టేటోళ్ళు. మా ఆయన దానికి గడ్డి ఏసేటోడు" అంది. గిర్దావర్ అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్. కడెం చుట్టూ సున్నం కింద రాయి అరిగి గుంట పడి ఉంది. తాడు రాపిడి అది. నేను ముందే చూసి ఉండాల్సింది.

ఎవరినైనా ఇలా తీసుకుపోయినప్పుడు ఫోన్‌లో మాట రికార్డు చేయడానికి ముందే అడగండి. వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే రాయండి, మన భాషలోకి దిద్దవద్దు. అలసిపోక ముందే ఇంటి దగ్గర దించి రండి.

కాగితాల వేట

రోడ్లు భవనాల శాఖ డివిజన్ ఆఫీసులో భవనాల రిజిస్టర్ ఉంటుంది. కట్టిన ఏడు, ఖర్చు, పెద్ద మరమ్మతులు అందులో ఉండే అవకాశం ఉంది. నోటి మాటతో ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి. మండల ఆఫీసుకైతే ఫీజు 5 రూపాయలు, జిల్లా ఆఫీసుకు 10. ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే అదే ఆఫీసులో పై అధికారికి అప్పీలు. దరఖాస్తులో "భవనం చరిత్ర ఇవ్వండి" అని రాయవద్దు. అలా రాస్తే సమాచారం లేదు అని ఒక్క ముక్కలో వచ్చేస్తుంది. "భవనాల రిజిస్టర్‌లో ఫలానా భవనం ఉన్న పేజీ నకలు" అని రాయండి.

గ్రామ నక్షా, టిప్పన్ (సర్వే నంబర్ కొలతల చీటీ) కోసం జిల్లా సర్వే ఆఫీసు, అక్కడ లేకపోతే హైదరాబాద్ నారాయణగూడలో సర్వే భవన్. నిజాం కాలపు ఉర్దూ, ఫార్సీ దస్త్రాలకు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్. అక్కడికి పోయే ముందు మీ తాలూకా పాత పేరు, ఏ ఫస్లీలు కావాలో రాసుకొని పోండి. చేతిరాత శికస్తా అనే గొలుసుకట్టు రాతలో ఉంటుంది, అచ్చు ఉర్దూ చదివే వాళ్ళకు కూడా అది అందదు. పాత దస్త్రం చదివే అలవాటున్న పెద్దమనిషిని వెంట తీసుకుపోతే ఒక రోజులో అయ్యే పని, లేకపోతే వారం.

ఈ వేట ఆలస్యం చేయవద్దని చెప్పడానికి నాకు ఒక కారణం ఉంది. నేను పని చేసిన ఒక ఆఫీసులో గది ఖాళీ చేయాల్సి వచ్చినప్పుడు, గుడ్డ మీద అతికించిన పాత నక్షాలు తూకానికి పోయాయి. నేను సెలవులో ఉన్నాను. తిరిగి వచ్చేసరికి అరలు కడిగి ఉన్నాయి. కిలో ఎంతకు పోయాయో కూడా నేను అడగలేకపోయాను. అప్పటి నుంచి ఏ పాత కాగితం చూసినా ముందు ఫొటో తీసుకొని, తర్వాతే చదువుతాను.

మూడు రంగులు

రాసేటప్పుడు మూడు పెన్నులు పెట్టుకోండి. మీరు కొలిచింది నలుపు. కాగితంలో చదివింది నీలం. మనుషులు చెప్పింది ఎరుపు. ఒకదానికొకటి కుదరకపోతే ఏదీ కొట్టేయవద్దు, రెండూ ఉంచండి. నేను మెట్ల దగ్గర చేసిన తప్పు ఇదే. నలుపుతో ఐదు గీసి, ఎరుపుతో ఏడు రాయకుండా వదిలేశాను.

నిజానికి ఆ తప్పు నా కొలతల్లోనే కనిపిస్తూ ఉంది. పై నాలుగు మెట్ల ఎత్తు ఆరంగుళాలు, అన్నింటికంటే కింది మెట్టు నాలుగంగుళాలే. ఏ మేస్త్రీ కూడా మొదటి మెట్టును పొట్టిగా కట్టడు. మిగతా రెండంగుళాలు నేలలో ఉన్నాయని, దాని కింద ఇంకేమైనా ఉందేమో చూడాలని నాకు తట్టాల్సింది. ఆ ఏడు కచేరీ ముందు మురికి కాలువ కోసం మట్టి తీశారు. పక్కన నిలబడి చూస్తున్నాను. కింద ఒక మెట్టు, దాని కింద ఇంకొకటి బయటపడ్డాయి. రోడ్డు వేసిన ప్రతిసారీ కొంచెం కొంచెం పైకి లేచి, ఆ రెండింటినీ మింగేసింది. మా నాయనకు అన్నీ గుర్తున్నాయి.

మీ కచేరీ మెట్లు కూడా ఇలాగే చూడండి. కింది మెట్టు పొట్టిగా ఉంటే, పక్కన గడ్డపారతో జానెడు తవ్వి చూడడానికి అనుమతి అడగండి.

నక్షా పూర్తయ్యాక నాలుగు కాపీలు తీయించండి. ఒకటి తహసీల్దార్ ఆఫీసుకు, ఒకటి జిల్లా గ్రంథాలయానికి, ఒకటి ఊళ్ళో హైస్కూలుకు ఇచ్చి, ఒకటి ఇంట్లో ఉంచుకోండి. ఇచ్చిన ప్రతి చోటా తారీఖుతో రసీదు తీసుకోండి. కాగితం కింద కొలిచిన తారీఖు, కొలిచిన వాళ్ళ పేర్లు తప్పకుండా ఉండాలి. ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరైనా మళ్ళీ కొలిస్తే, ఏం మారిందో వాళ్ళకు తెలియాలి.

నేలలో ఉన్న వాటిని చుక్కల గీతతో చూపించడం మా సర్వే పద్ధతి. మా కచేరీ నక్షాలో ఐదు మెట్లు నిండు గీతతో, వాటి ముందు రెండు చుక్కల గీతతో ఉన్నాయి. కింది నుంచి నాలుగోది, అంటే ఇప్పుడు పైకి కనిపించే రెండో మెట్టు. దాని మీద ఎర్ర పెన్నుతో చిన్న గుర్తు పెట్టి, పక్కన "కౌలు రైతులు ఇక్కడి దాకా" అని రాశాను.